గాయానికి గాలి తగలాలంటారు

మా అమ్మ కుడి మడమ మీద పగులు పుండుగా మారిన ఏడాది, చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒక సలహా ఇచ్చి వెళ్ళారు. ప్రేమతోనే ఇచ్చారు. అమ్మకి అప్పటికే పద్నాలుగేళ్ళుగా షుగరు. ఆసుపత్రిలో రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్ళు, మధ్య రోజుల్లో ఇంట్లో నేను మార్చేదాన్ని. మూడు నెలలు దాటింది మానడానికి. కట్టు మార్చిన తేదీలు రాసుకునే పుస్తకంలోనే, వెనక పేజీల్లో, విన్న సలహాలు కూడా రాసుకున్నాను. కొన్ని పాటించాను కూడా. పాటించిన ప్రతిసారీ పుండు వారం వెనక్కి పోయింది. ఎందుకు పోయిందో చర్మం గురించి చదివాకే అర్థమైంది. ఇంకో ఇంట్లో ఇంకో అమ్మ కాలికి ఆ వారాలు వృథా కాకూడదని ఇవి రాస్తున్నాను.

ఈ సలహాలన్నిటికీ వేరు ఒకటే. చర్మం ఒంటికి చుట్టిన గుడ్డ అనీ, చిరిగితే పైనుంచి ఏదో ఒకటి పూసి మూసేయాలనీ అనుకుంటాం. చర్మం పైపొరలో పది కణాల్లో తొమ్మిది కెరటినోసైట్లు. కింద పుట్టి, మెల్లగా పైకి జరిగి, చచ్చి, నెలా నెలన్నరలో పొట్టుగా రాలిపోతాయి. చాలాకాలం వైద్యులు కూడా వీటిని గోడలో ఇటుకల్లాగే చూశారు. కానీ ఇవి వాసన పట్టగల ఇటుకలు. బాక్టీరియా ఒంటి ముక్కలు తగిలితే గుర్తుపట్టే గ్రాహకాలు వీటి మీద ఉన్నాయి. గుర్తుపట్టగానే బాక్టీరియాని చంపే విషాలు తామే తయారుచేసి వదులుతాయి, రక్తంలో తిరుగుతున్న తెల్లకణాలకు కబురూ పెడతాయి. ఆ కబుర్లలో ఒకటి, ఇంటర్‌ల్యూకిన్ 1 ఆల్ఫా అనేది, ముందే తయారై కణంలో దాచి ఉంటుంది. ముల్లు గుచ్చుకుని కణం పగిలిందంటే చాలు, అది బయటపడి చాటింపు వేస్తుంది.

ఆ విషాల సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. సోరియాసిస్ ఉన్నవాళ్ళ చర్మం అంతలా పగిలి పొట్టు రాలుతున్నా, అక్కడ బాక్టీరియా చేరి చీము పట్టడం అరుదు. జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయంలో హార్డర్, ష్రోడర్ల బృందం ఆ రాలిన పొలుసులనే పోగుచేసి వెతికింది. వాటిలోంచి మనిషి చర్మం సొంతంగా చేసుకునే యాంటీబయాటిక్ లాంటి పెప్టైడ్‌ను వేరుచేసి 1997లో ప్రకటించింది. దాని పేరు బీటా డిఫెన్సిన్ 2. ఎగ్జిమా ఉన్నవాళ్ళ చర్మంలో ఇలాంటి పెప్టైడ్లు అంతగా తయారు కావని తర్వాత తేలింది. గోకిన చోటల్లా వాళ్ళకి చీము పొక్కులు లేవడానికి అదొక కారణం. ఊడ్చి పారేసే పొట్టులో ఇంత సంగతి ఉందని తెలిశాక, అమ్మ పుండు వైపు నేను చూసే చూపే మారిపోయింది.

"కట్టు విప్పేయవే, గాలి తగిలితే ఆరిపోతుంది"

మా పెద్దమ్మ మాట ఇది. నాలుగో వారంలో ఒక ఆదివారం కట్టు విప్పేసి, అమ్మ కాలు కిటికీ పక్కన స్టూలు మీద పెట్టించి, ఫ్యాను వేసి కూర్చోబెట్టాను. సాయంత్రానికి గోధుమరంగు పెచ్చు కట్టింది. పొడిగా, శుభ్రంగా, మానినట్టే కనిపించింది. సోమవారం ఆసుపత్రిలో సిస్టరు సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ దాని మీద వేసి, నానాక మెల్లగా పెచ్చు ఎత్తింది. కింద అంతకుముందు లేని పచ్చటి జిగురు ఉంది. ఆమె నన్నేమీ అనలేదు. దగ్గరికి పిలిచి, చేతిలోని పట్టకారు కొసతో పుండు అంచు చూపించింది.

"ఇక్కడ చూడండమ్మా. పాల మీద మీగడ కట్టినట్టు లేదూ? అదే కొత్త చర్మం. తడి ఉంటేనే ముందుకి జరుగుతుంది. ఎండబెట్టారంటే ఎక్కడిదక్కడ ఆగిపోద్ది."

నిజంగా మీగడలాగే ఉంది. అంచు చుట్టూ జొన్నగింజంత వెడల్పున ముత్యం రంగు పొర, పుండు మధ్యకి వెళ్ళేకొద్దీ పలచబడుతూ, కంటికి ఆనకుండా పోతోంది. అవి కెరటినోసైట్లే. గాయమైందని తెలియగానే అంచున ఉన్నవి పక్కవాటి పట్టు వదిలి, చప్పటగా సాగి, పాకడం మొదలుపెడతాయి. పాకడానికి తడినేల కావాలి. పెచ్చు అడ్డొస్తే దాని కిందనుంచి దారి తవ్వుకుంటూ పోవాలి. 1962లో జార్జ్ వింటర్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు పందుల మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటిని పలచని పాలిథిన్ పొరతో కప్పాడు. కప్పినవి సుమారు రెట్టింపు వేగంతో పైపొర కట్టుకున్నాయి. ఆ మాట వచ్చి అరవై ఏళ్ళు దాటినా, మన ఇళ్ళలో ఇంకా కట్టు విప్పి ఫ్యాను కింద పెడుతూనే ఉన్నాం.

తడి అంటే నానబెట్టడం కాదు. పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం ఎక్కువసేపు నీళ్ళలో ఉన్న వేలికొసల్లా తెల్లగా ముడతలు పడితే తడి ఎక్కువైందన్నమాట, కట్టు మార్చాలి. కూరగాయలు తరుగుతుంటే తెగిన చిన్న గీతకైతే కుళాయి ధార కింద కడిగి, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, శుభ్రమైన పట్టీ వేస్తే చాలు. షుగరు ఉన్నవాళ్ళ కాలి పుండు మాత్రం ఇంటి వైద్యం కాదు. అది ఎంత లోతుందో, రక్తం ఎంత అందుతోందో డాక్టరు చూడాల్సిందే, చచ్చిన కండ ఉంటే తీయాల్సిందే. అమ్మ విషయంలో అన్నిటికంటే కష్టమైనది మడమ మీద బరువు వేయకుండా ఉండటం. వంటింట్లో ఏది మాడినా ఆమె లేచి నిలబడేది.

"పసుపు అద్దు, అదే మానిపోతుంది"

ఈ మాట కాదంటే మనవాళ్ళకి కోపం వస్తుంది. నాకూ పసుపంటే గౌరవమే. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేరిట, పసుపుతో గాయం మాన్పే పద్ధతికి పేటెంటు ఇచ్చేశారు. రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలోని సీఎస్ఐఆర్ మన పాత గ్రంథాలు ముందు పెట్టి వాదించి, 1997లో దాన్ని రద్దు చేయించింది. గర్వపడాల్సిన గెలుపే. ఆ గెలుపు చెప్పింది, ఈ సంగతి మాకు ఎప్పటినుంచో తెలుసు, కొత్తగా మీరు కనిపెట్టలేదు అని. పోపుడబ్బాలోని పొడిని పచ్చిపుండులో కూరమని చెప్పలేదు.

దుగ్గిరాల, నిజామాబాద్ యార్డుల నుంచి వచ్చే కొమ్ము ఆరుబయట ఎండి, బస్తాల్లో తిరిగి, మరలో ఆడి, మన ఇంట్లో తడిచెంచాలు పడే డబ్బాలో నెలల తరబడి ఉంటుంది. కూరలో మరిగేటప్పుడు ఫరవాలేదు. పుండులో వేస్తే దానితో పాటు బాక్టీరియా బీజాలు కూడా లోపలికి పోతాయి. ఆ పొడి రేణువులు పుండు అడుగున ఇసుకలా ఉండిపోతాయి, బాక్టీరియాతో తలపడాల్సిన కణాలు ఈ రేణువులను ఏరుకుంటూ కూర్చోవాలి. అసలు నష్టం ఇంకొకటి. పసుపు రంగు కింద ఎరుపు కనపడదు. పుండు విషమిస్తోందని చెప్పే మొదటి గుర్తునే మనం చేతులారా కప్పేస్తాం.

కాఫీపొడి, సున్నం, టూత్‌పేస్టు, ఇంకు, దోసెపిండి కూడా ఇంతే. కాలిన చోట వీటిలో ఏదీ వద్దు, ఐసుగడ్డ కూడా వద్దు. చల్లటి కుళాయి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. పేడ, మట్టి అసలు తగలనివ్వకూడదు. ధనుర్వాతం బీజాలు ఉండేది అక్కడే. ఒకప్పుడు బొడ్డు కోసిన చోట ఇలాంటివి రాయడం వల్ల ఎంతమంది పసికందులు పోయేవారో మన అమ్మమ్మలకి తెలుసు. టీకాల వల్ల, ఆసుపత్రి కాన్పుల వల్ల తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇనుప మేకు గుచ్చుకుంటే తుప్పుని తిట్టుకుంటాం గానీ, తప్పు తుప్పుది కాదు. లోతుగా, గాలి ఆడని చోటికి మట్టి చేరడమే ప్రమాదం. సూది వేయించుకోవాలి.

"మండితేనే మందు పనిచేస్తున్నట్టు"

మంటకీ మానడానికీ సంబంధం లేదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ బాక్టీరియానీ మన కణాన్నీ విడదీసి చూడవు. పుండు అడుగున ఎర్రగా, గింజగింజగా కనిపించే కండను కట్టేవి ఫైబ్రోబ్లాస్టులు. పోసిన ప్రతిసారీ అవీ పోతాయి, అంచున పాకుతున్న మీగడా పోతుంది. పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది కదా, మురికి పొంగి బయటికొస్తోందని మురిసిపోతాం. మన రక్తంలో, కణాల్లో ఉండే ఒక ఎంజైము తగలడం వల్ల వచ్చే నురగ అది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని బూలోన్ ఆసుపత్రిలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇదే చూశాడు. సైనికుల లోతు గాయాల్లో ఘాటైన క్రిమిసంహారకాలు పోస్తున్నారు. అవి మూలల్లో దాగిన బాక్టీరియాకి అందడం లేదు, అక్కడికి చేరిన తెల్లకణాలను మాత్రం చంపుతున్నాయి. శుభ్రమైన ఉప్పునీళ్ళతో కడగడమే మేలని అప్పుడే వాదించాడు. పెన్సిలిన్ కనిపెట్టడానికి పదేళ్ళకి పైగా ముందు మాట ఇది. పెన్సిలిన్ కంటే ఈ మాటే మనం ముందు నేర్చుకోవాల్సింది, ఎందుకంటే దీనికి డాక్టరు చీటీ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

"పప్పు తింటే చీము పడుతుంది"

అన్నిటికంటే నాకు బాధ కలిగించే సలహా ఇది, అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిందీ ఇదే. పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, చేప వద్దు. చారన్నం, మజ్జిగన్నం పెట్టు. రెండు వారాలు అలాగే పెట్టాను. అమ్మ నీరసపడింది, అన్నం ఎక్కువై షుగరు పెరిగింది, పుండు అంచు కదల్లేదు.

కెరటినోసైట్ వదిలే డిఫెన్సిన్ ప్రోటీన్ ముక్కే. కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్ ప్రోటీనే. ఫైబ్రోబ్లాస్టు అల్లే కొల్లాజెన్ ప్రోటీనే. ఆ అల్లిక బిగియాలంటే సి విటమిన్ కావాలి, ఉసిరికాయలో, జామకాయలో అది దండిగా ఉంది. ఒంట్లో పగలూ రాత్రీ ఇంత పని జరుగుతుంటే, దానికి కావలసిన సరుకే మనం పథ్యం పేరుతో ఆపేస్తున్నాం. ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఇవే ఆ రోజుల్లో పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఎంత పెట్టాలో మాత్రం డాక్టరు చెప్పాలి. పథ్యం తప్పితే పుండు తిరగబెడుతుందని మా పిన్నిగారు భయపెట్టారు. నేను తప్పించిన వారం నుంచే తేడా కనిపించింది.

"చీము పట్టింది, గట్టిగా పిండెయ్"

చీమంటే చెడు రక్తం కాదు. చర్మం పంపిన కబురు అందుకుని, రక్తనాళం గోడ సందుల్లోంచి దూరి, గాయమైన కొద్ది గంటల్లోనే చేరే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బాక్టీరియాని మింగుతూ చచ్చిపోతాయి. ఆ శవాల కుప్పే చీము. సెగగడ్డ చుట్టూ గట్టిగా తగిలే గోడ ఒళ్ళు కట్టుకున్న గోడ. వేళ్ళతో పిండితే బయటికి వచ్చేది కొంత, ఆ గోడ పగిలి లోపలికి పోయేది కొంత. ముక్కు చుట్టూ, పైపెదవి మీద వచ్చినవాటిని అసలే ముట్టుకోకూడదు, అక్కడి రక్తనాళాలకు తల లోపలికి దారి ఉంది.

చర్మపు గోడ కింద ఇంకో కాపలా కూడా ఉంది. చర్మం అడుగున ఉండే కొవ్వు కణాలు మెత్తదనానికీ వెచ్చదనానికీ మాత్రమే అనుకునేవాళ్ళు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖలో రిచర్డ్ గాలో బృందం ఎలుకల చర్మంలోకి స్టెఫిలోకాకస్ ఆరియస్‌ని ఎక్కించి చూసింది. సెగగడ్డలకు కారణమయ్యే బాక్టీరియా అదే. అది తగలగానే కొవ్వు కణాలు పెరిగి, కాథెలిసిడిన్ అనే విషం తయారుచేశాయి. ఆ కణాలు సరిగా లేని ఎలుకల్లో జబ్బు ముదిరింది. 2015లో ఈ సంగతి ప్రచురించారు. న్యూట్రోఫిల్స్ వచ్చేలోపు నిలబడేవాటిలో ఈ కణాలూ ఉన్నాయి.

కాబట్టి వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రోజుకి మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. దానంతటదే మెత్తబడి పగిలితే తుడిచి కట్టు కట్టండి. పెద్దదైతే, జ్వరం వస్తే, డాక్టరు మత్తిచ్చి కోసి తీస్తారు. ఊరికూరికే సెగగడ్డలు వస్తుంటే మామిడిపళ్ళ మీద నెపం వేయకుండా షుగరు పరీక్ష చేయించండి.

"ఈ ట్యూబు రాయి, దేనికైనా పనిచేస్తుంది"

ఒక మందుల షాపులో, పుండు చుట్టూ దురదగా ఉందంటే, ఫంగస్‌కీ బాక్టీరియాకీ దురదకీ కలిపి ఒకే ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. మేం సంతోషించాం. మీగడ అంచు కూడా ఆగిపోయిందని వారానికి గానీ గమనించలేదు. ఆ ట్యూబులో ఉన్నది ఘాటైన స్టెరాయిడ్. కణాలు పెట్టే కబుర్లను ఆపేయడమే దాని పని. కబురు లేకపోతే ఎరుపు ఉండదు, వాపు ఉండదు, తెల్లకణాలూ రావు, కొత్త చర్మమూ పాకదు. సరైన జబ్బుకి, సరైన రోజులు, డాక్టరు చేతిలో అది మంచి మందే. తెల్లబడటానికి ముఖానికి రాసుకుని చర్మం పలచబడి, మొటిమలతో, మంటతో డాక్టర్ల దగ్గరికి వెళ్ళే అమ్మాయిలు మన ఊళ్ళలో ఎందరో. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నిర్ణయించింది. అయినా చేతికి అందుతూనే ఉన్నాయి. ట్యూబు మీద పేరు చివర 'సోన్' అనో 'సాల్' అనో కనిపిస్తే ఆగి అడగండి.

"క్రిములన్నీ చచ్చేదాకా రుద్దు"

అన్నీ చావకూడదు. మన చర్మం మీద కాపురముండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివి చోటు ఆక్రమించి చెడ్డవాటిని రానివ్వవు, వాటిలో కొన్ని మన కణాలను మేలుకొలిపి ఉంచుతాయి కూడా. చర్మం పైన కాస్త పులుపు ఉంటుంది. ఆ పులుపు మంచివాటికి సరిపడుతుంది, చెడ్డవాటికి సరిపడదు. ఘాటు సబ్బుతో, పీచుతో రోజుకి నాలుగుసార్లు రుద్దితే పులుపు పోతుంది, నూనె పోతుంది, పగుళ్ళు మిగులుతాయి. చేతులు కడుక్కోవడం వేరు, అది ఎన్నిసార్లయినా చేయాల్సిందే.

"బోదకాలుకి నీళ్ళు తగలనివ్వకు"

కోస్తా పల్లెల్లో, తెలంగాణలో కొన్ని జిల్లాల్లో ఈ మాట వింటూ పెరిగినవాళ్ళున్నారు. దోమవల్ల వచ్చే పురుగు లింఫు నాళాలను పాడుచేస్తే కాలు ఉబ్బుతుంది. కానీ ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరంతో, కాలు ఎర్రబడి, నొప్పితో మంచాన పడేస్తున్నది ఎక్కువగా పురుగు కాదు, బాక్టీరియా. వేళ్ళ సందుల్లో ఒరిసిన చోటునుంచి దూరుతుంది. లింఫు దారి మూసుకుపోయిన కాలిలో చర్మం పెట్టిన కబురు చేరాల్సిన చోటికి చేరదు. అందుకే ఆ కాలికి మిగతా ఒంటికంటే ఎక్కువ శుభ్రత కావాలి. రోజూ మామూలు సబ్బుతో, చల్లటి నీళ్ళతో, వేళ్ళ సందులు కూడా కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే ఆ జ్వరాలు తగ్గుతాయి. నాట్లకి దిగే ఆడవాళ్ళకి సాయంత్రం ఇంటికొచ్చాక ఈ పది నిమిషాలు ఎవరైనా మిగల్చాలి, నీళ్ళ బిందె తెచ్చి పెట్టాలి.

"యాంటీబయాటిక్ పడిందిగా, ఇక భయం లేదు"

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి ఆరియోమైసిన్‌ని వెలికితీశారు. 1948లో అది లోకానికి తెలిసింది, టెట్రాసైక్లిన్ మందుల వంశానికి మొదటిది. ఈ మందులు బాక్టీరియాని పెరగకుండా ఆపుతాయి. ఆగిపోయిన బాక్టీరియాని చంపి, ఊడ్చి, బయట పారేసేది మన న్యూట్రోఫిల్సే. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఆ న్యూట్రోఫిల్స్ మందకొడిగా మారతాయి, సరిగా మింగలేవు. అమ్మ ఇన్సులిన్ సూది కూడా పుండుకి వేసిన మందేనని అప్పటిదాకా మాకు తట్టలేదు. బిళ్ళలు మధ్యలో మానేయడం, పక్కింటివాళ్ళ మిగిలిన బిళ్ళలు తెచ్చి వేసుకోవడం వద్దు.

"ఎరుపేగా, రెండు రోజులు చూద్దాం"

కొంచెం ఎరుపు, కొంచెం వేడి, కొంచెం వాపు కబురు అందిందనడానికి గుర్తులు. వాటికి కంగారు పడక్కర్లేదు. పాకే ఎరుపుకి భయపడాలి. పదో వారంలో ఒక రాత్రి అమ్మ మడమ పక్కన కొత్తగా ఎరుపు కనిపించింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఎరుపు ఎక్కడ ఆగిందో బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీయమన్నారు. గీత దాటితే, కాలి మీదుగా పైకి ఎర్రటి చార లేస్తే, చలిజ్వరం వస్తే, నొప్పి ఉన్నట్టుండి పెరిగితే, అర్ధరాత్రయినా తీసుకురమ్మన్నారు. షుగరు వల్ల స్పర్శ లేని కాలు కాబట్టి నొప్పిని నమ్ముకోవద్దని కూడా చెప్పారు.

నీలంరంగు పెన్నుతో గీశాను. రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి టార్చి వేసి చూశాను. తెల్లవారేసరికి ఎరుపు గీతకి వేలెడు లోపలికి తగ్గింది. మీగడ అంచు ఉన్నచోటే ఉంది. తడిగుడ్డతో ఆ గీత తుడవబోతే అమ్మ కాలు వెనక్కి లాక్కుంది, సాయంత్రం దాకా ఉండనివ్వమంది.